మన హెడ్‌ఫోన్లను రాత్రికి రాత్రే మార్చేదెవరు?

రాత్రి పడుకునే ముందు ఇయర్‌బడ్స్‌ని కేస్‌లో పెట్టి ఛార్జింగ్‌కు తగిలిస్తాం. పక్కనే ఫోను కూడా ఛార్జింగ్‌లో ఉంటుంది. ఇంట్లో వై-ఫై నడుస్తూనే ఉంటుంది. ఈ మూడూ ఒకచోట చేరిన ఆ కొన్ని గంటల్లో, మనం ఏ బటనూ నొక్కకుండానే, ఇయర్‌బడ్స్ లోపలి ప్రోగ్రామ్ మొత్తం పోయి దాని స్థానంలో కొత్తది వచ్చి కూర్చోవచ్చు. పొద్దున చూస్తే అవే బడ్స్, అదే రంగు, అదే బరువు. కానీ బయటి చప్పుడును ఆపే తీరు, ఫోన్‌తో కలిసే తీరు, ఒక్కోసారి పాట వినిపించే తీరు కూడా నిన్నటిలా ఉండకపోవచ్చు.

కొన్ని కంపెనీలు ఈ పనిని పూర్తిగా తమ చేతిలోనే ఉంచుకున్నాయి. మరికొన్ని యాప్‌లో ఒక స్విచ్ పెట్టి, కావాలంటే ఆపుకోమన్నాయి. చవకగా దొరికే చాలా మోడళ్లలో అసలు అప్‌డేట్ అన్న మాటే లేదు. కొన్న రోజున ఏ ప్రోగ్రామ్ ఉందో పారేసే రోజున కూడా అదే ఉంటుంది. ఈ మూడింటిలో ఏది మేలు అంటే వెంటనే చెప్పడం కష్టం. ఎందుకంటే ఒకే మూటలో రెండు రకాల సరుకు వస్తోంది. ఒకటి, ఎవరైనా మన హెడ్‌ఫోన్‌లోకి చొరబడకుండా ఆపే మరమ్మతు. రెండోది, మనం అడగని మార్పు. మొదటిది కావాలంటే రెండోది కూడా తీసుకోక తప్పని పరిస్థితే ఈ గొడవకంతటికీ మూలం.

చెవిలో ఒక కంప్యూటర్

‘ఫర్మ్‌వేర్’ అనే మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు ‘డేటామేషన్’ పత్రికలో వాడుకలోకి తెచ్చాడు. మార్చలేని యంత్రభాగం హార్డ్‌వేర్, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగేది సాఫ్ట్‌వేర్. ఆ రెండింటి నడుమ ఉండేదానికి, అంటే యంత్రాన్ని అంటిపెట్టుకుని ఉంటూనే అవసరమైతే మార్చడానికి వీలయ్యే ప్రోగ్రామ్‌కు ఒక పేరు కావలసి వచ్చింది. ఆనాడు ఓప్లర్ దృష్టిలో ఉన్నవి గది నిండా ఉండే కంప్యూటర్లు. ఈనాడు వేలి కొన అంత ఇయర్‌బడ్‌లో కూడా ఒక ప్రాసెసర్, జ్ఞాపకం ఉంచుకునే ఫ్లాష్ మెమరీ, రేడియో, రెండు మూడు మైకులు ఉంటున్నాయి. వీటన్నిటినీ నడిపేది ఫర్మ్‌వేరే.

ఈ చిన్న ప్రోగ్రామ్ మన చెవి వినేదాన్ని ఎంతగా శాసిస్తుందో తెలియాలంటే నాయిస్ క్యాన్సిలేషన్‌ను చూడాలి. శబ్దం అంటే గాలిలో అల. ఒక అలకు ఎత్తు ఉన్నచోట పల్లం, పల్లం ఉన్నచోట ఎత్తు వచ్చేలా మరో అలను ఎదురు పంపితే రెండూ కలిసి చల్లారిపోతాయి. ఇయర్‌బడ్ బయటి మైకు చప్పుడును పట్టుకుంటుంది, ప్రాసెసర్ దాని తిరగేసిన అలను లెక్క కడుతుంది, స్పీకర్ దాన్ని చెవిలోకి పంపుతుంది. అయితే ఇదంతా చేయడానికి ఉన్న సమయం ఎంత? బయటి మైకుకూ కర్ణభేరికీ మధ్య దూరం 2 సెంటీమీటర్లు అనుకుందాం. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే ఆ 2 సెంటీమీటర్లు దాటడానికి సుమారు 60 మైక్రోసెకన్లు, సెకనులో పదహారు వేలవ వంతు, పడుతుంది.

ఇప్పుడు, తిరగేసిన అల చెవిని చేరడంలో అంతే ఆలస్యం, 60 మైక్రోసెకన్లు, జరిగిందనుకుందాం. సీలింగ్ ఫ్యాన్ రొద, బస్సు ఇంజన్ గుర్రు వంటివి 100 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఆ అల ఒక్క చుట్టు తిరగడానికి 10,000 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి 60 మైక్రోసెకన్ల తేడా దానికి లెక్కలోది కాదు. అల ఎత్తులో 4 శాతం మాత్రమే మిగిలి తక్కింది మాయమవుతుంది. అదే 3,000 హెర్ట్జ్ శబ్దమైతే ఒక చుట్టుకు 333 మైక్రోసెకన్లే. 60 మైక్రోసెకన్ల పొరపాటు అందులో దాదాపు ఐదో వంతు. లెక్క వేసి చూస్తే చప్పుడు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది కూడా. ఫ్యాన్ రొద మాయమైనా కుక్కర్ విజిల్ మాత్రం వినబడుతూనే ఉండటానికి ఒక కారణం ఇదే. అలాంటి తీక్షణమైన శబ్దాలను ఆపే పని ఎక్కువగా సిలికాన్ టిప్ చూసుకుంటుంది, ప్రోగ్రామ్ కాదు.

ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఎదురు అల పంపాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఫర్మ్‌వేర్‌లో రాసి ఉన్న కొన్ని అంకెలు నిర్ణయిస్తాయి. ఆ అంకెలు మారితే హెడ్‌ఫోన్ మారినట్టే. ఇంజినీర్లు వాటిని ఎందుకు మారుస్తారన్నది కూడా అర్థం చేసుకోదగ్గదే. ఎదురు అలను మరీ గట్టిగా పంపితే కొందరి చెవుల్లో అది స్పీకర్ నుంచి లోపలి మైకుకు, మైకు నుంచి మళ్లీ స్పీకర్‌కు తిరుగుతూ కీచుమని కూయవచ్చు. కొందరికి చెవులు బిగదీసుకున్నట్టు ఇబ్బంది కలుగుతుంది. కొందరికి నడుస్తుంటే టపటప చప్పుడు. ఫిర్యాదులు వస్తే కంపెనీ ఆ అంకెలను ఒక మెట్టు తగ్గిస్తుంది. ఇబ్బంది పడ్డవారికి అది మరమ్మతు. ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా వింటున్నవారికి అది నష్టం. చెవులు కోట్లు, ఫర్మ్‌వేర్ మాత్రం ఒక్కటే!

అప్‌డేట్ ఎలా చేరుతుంది

ఇయర్‌బడ్‌కు సొంతంగా ఇంటర్‌నెట్ లేదు. కంపెనీ సర్వర్ నుంచి ఫోన్ కొత్త ఫర్మ్‌వేర్‌ను దింపుకుంటుంది. అక్కడి నుంచి బ్లూటూత్ మీద చిన్న చిన్న ముక్కలుగా ఇయర్‌బడ్‌కు చేరవేస్తుంది. ప్రతి ముక్కా అందిందని అటునుంచి కబురు రావాలి, లేకపోతే మళ్లీ పంపాలి. అందుకే బ్లూటూత్ వేగం సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని డబ్బా మీద రాసి ఉన్నా నిజంగా అందేది అందులో కొంతే. ఉదాహరణకు ఫైలు 4 మెగాబైట్లు, అసలు వేగం సెకనుకు 10 కిలోబైట్లు అనుకుంటే ఒక బడ్‌కే 400 సెకన్లు, అంటే దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత రెండో బడ్. కేస్‌లో కూడా ఫర్మ్‌వేర్ ఉంటే దానికి మరికొంత. ఒక్కో బడ్‌లోని బ్యాటరీ సామర్థ్యం కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ అవర్లే. మధ్యలో అది అయిపోతే ప్రమాదం కాబట్టి కంపెనీలు ఈ పనికి ఛార్జింగ్ వేళను ఎంచుకుంటాయి.

పాత ప్రోగ్రామ్ మీదే కొత్తదాన్ని రాసుకుంటూ పోతే, సగంలో కరెంటు పోయినప్పుడు రెండిటికీ చెడ్డ రేవడి అవుతుంది. పరికరం ఇక లేవదు. దీనికి మంచి డిజైన్లలో ఒక ఏర్పాటు ఉంది. ఫ్లాష్ మెమరీని రెండు గదులుగా చేస్తారు. ఒక గదిలోని పాత ప్రోగ్రామ్ పనిచేస్తుండగానే రెండో గదిలో కొత్తదాన్ని పూర్తిగా నింపుతారు. అంతా సరిగా అందిందో లేదో తనిఖీ చేశాక, తరువాతిసారి ఆన్ అయినప్పుడు రెండో గది నుంచి మొదలుపెట్టమని గుర్తు మారుస్తారు. కొత్తది లేవకపోతే పాత గదికి తిరిగి వెళ్లవచ్చు. మెమరీ రెట్టింపు కావాలి, అంటే ఖర్చు పెరుగుతుంది. చవక వాటిలో ఈ సౌకర్యం కొరవడటానికి కారణం అదే.

తనిఖీలో ముఖ్యమైనది డిజిటల్ సంతకం. కంపెనీ దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో ఫర్మ్‌వేర్‌కు సంతకం చేస్తారు. దాన్ని సరిచూసే బహిరంగ తాళం ఇయర్‌బడ్ చిప్‌లో ఉంటుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా సంతకం సరిపోదు, చిప్ దాన్ని తీసుకోదు. ఇది లేకపోతే పక్క సీట్లో కూర్చున్నవాడు కూడా మన చెవిలోకి తన ప్రోగ్రామ్ ఎక్కించగలడు. అయితే ఈ రక్షణకే ఇంకో ముఖం ఉంది. హెడ్‌ఫోన్ మనం కొన్నదే అయినా, దానిలో ఏది నడవాలో నిర్ణయించే తాళం చెవి మాత్రం ఎప్పటికీ కంపెనీ దగ్గరే ఉంటుంది.

మారిందా, మారినట్టు అనిపించిందా?

2019లో బోస్ క్యూసీ35 రెండో తరం హెడ్‌ఫోన్లు వాడుతున్న అనేకమంది, 4.5.2 అనే ఫర్మ్‌వేర్ వచ్చాక బయటి శబ్దం ఆగడం తగ్గిందని ఫిర్యాదు చేశారు. కంపెనీ దీన్ని కొట్టిపారేయలేదు. తన ఇంజినీర్లను కొందరు వినియోగదారుల ఇళ్లకే పంపి కొలతలు తీయించింది. ఫర్మ్‌వేర్ వల్ల పనితనం తగ్గలేదని 2020లో ప్రకటించింది. చాలామంది ఒప్పుకోలేదు.

అదే రోజుల్లో మరో ఉదంతం. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2019 అక్టోబరు చివర మార్కెట్లోకి వచ్చాయి. డిసెంబరులో 2సీ54 అనే ఫర్మ్‌వేర్ వచ్చింది. కెనడాకు చెందిన ఆర్టింగ్స్ అనే పరీక్షా సంస్థ అప్‌డేట్‌కు ముందూ తర్వాతా కొలిచి, తక్కువ పౌనఃపున్య శబ్దాలను ఆపడంలో తేడా వచ్చిందని, పనితనం తగ్గిందని నమోదు చేసింది. అంటే ఇక్కడ వాడకందారుల చెవులు అబద్ధం చెప్పలేదు.

రెండు ఉదంతాలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. మన వినికిడి జ్ఞాపకం నమ్మదగ్గ కొలబద్ద కాదు. పోయిన వారం ఫ్యాన్ చప్పుడు ఎంత వినబడిందో ఈ వారం గుర్తు తెచ్చుకుని పోల్చడం ఎవరివల్లా కాదు. పైగా తక్కువ పౌనఃపున్య శబ్దం చిన్న సందు దొరికినా లోపలికి దూరుతుంది. కుషన్ కాస్త అరిగినా, కళ్లజోడు కాడ అడ్డం వచ్చినా, టిప్ సైజు సరిపోకపోయినా నాయిస్ క్యాన్సిలేషన్ పడిపోయినట్టే ఉంటుంది. ఆ మార్పు నెలల తరబడి మెల్లగా వస్తుంది కాబట్టి గమనించం. అప్‌డేట్ వచ్చిందని విన్న రోజున పరీక్షగా వింటాం, అప్పుడు తేడా కనబడుతుంది. తప్పంతా అప్‌డేట్ మీద పడుతుంది.

మరైతే నిజం తేల్చడం ఎలా? పాత ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లి మళ్లీ వింటే తేలిపోతుంది. ఒకే పరికరం, ఒకే చెవి, మారేది ఫర్మ్‌వేర్ ఒక్కటే. ఏ ప్రయోగశాల అయినా చేసేది ఇదే. సరిగ్గా ఆ ఒక్క పనే వాడకందారుకు సాధారణంగా వీలు కాదు. ఎప్పుడు మారిందో చెప్పే కబురు కూడా చాలాసార్లు రాదు. ఏం మారిందని చూస్తే ‘లోపాల సవరణలు, ఇతర మెరుగుదలలు’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. మెరుగైంది ఏమిటో చెప్పడానికి ఇంత మొహమాటం ఎందుకో అర్థం కాదు. ఆర్టింగ్స్ వంటి సంస్థ ప్రతి అప్‌డేట్‌కూ కొలత తీయగలదు గాని, ఆ పని ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప కంపెనీ మాటే చివరి మాటగా మిగులుతోంది.

అలాగని ఆపేస్తే?

ఇంతవరకు చదివితే ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపేయడమే మంచిదనిపిస్తుంది. రెండో పక్క కూడా చూడాలి.

2025 జూన్‌లో జర్మనీకి చెందిన ఈఆర్ఎన్‌డబ్ల్యూ సంస్థ పరిశోధకులు, తైవాన్ కంపెనీ ఐరోహా తయారుచేసే బ్లూటూత్ చిప్‌లలో మూడు లోపాలు బయటపెట్టారు. సోనీ, బోస్, జేబీఎల్, మార్షల్, జాబ్రా వంటి పేరున్న కంపెనీల కొన్ని మోడళ్లలో ఆ చిప్‌లే ఉన్నాయి. తయారీ సమయంలో వాడుకోవడానికి పెట్టిన ఒక లోపలి దారి, బయట బ్లూటూత్ మీద కూడా తెరిచే ఉంది. జత కలపకుండానే, బ్లూటూత్ అందే దూరంలో ఉన్న ఎవరైనా హెడ్‌ఫోన్ మెమరీని చదవవచ్చు, రాయవచ్చు. ఇంకా పెద్ద సంగతి, హెడ్‌ఫోన్‌కూ ఫోన్‌కూ మధ్య నమ్మకానికి గుర్తుగా దాచి ఉంచిన రహస్య తాళం కూడా ఆ మెమరీలోనే ఉంటుంది. దాన్ని కాజేసినవాడు తానే ఆ హెడ్‌ఫోన్ అని నటిస్తూ ఫోన్‌తో మాట్లాడగలడు. దగ్గరగా ఉండాలి, మంచి సాంకేతిక నైపుణ్యం కావాలి, కాబట్టి మామూలు మనుషులకు వెంటనే ముప్పు తక్కువని ఆ పరిశోధకులే చెప్పారు. కానీ విలేకరులకు, దౌత్యవేత్తలకు, కీలక పదవుల్లో ఉన్నవారికి అలా చెప్పలేం.

ఐరోహా ఆ నెలలోనే సరిచేసిన కోడ్‌ను హెడ్‌ఫోన్ కంపెనీలకు ఇచ్చింది. పని అంతటితో అయిపోలేదు. ప్రతి కంపెనీ దాన్ని తన ప్రతి మోడల్‌కూ కలిపి, పరీక్షించి, సంతకం చేసి, యాప్ ద్వారా పంపాలి. ఆ యాప్ మన ఫోన్‌లో ఉండాలి. మనం దాన్ని తెరవాలి. హెడ్‌ఫోన్ కొన్నవారిలో ఎంతమంది యాప్ వేసుకుంటారు? బ్లూటూత్ కలిసింది, పాట వచ్చింది, అంతటితో సరి. చిప్ తయారీదారు దగ్గర మొదలైన మరమ్మతు ఇన్ని చేతులు మారి చివరి గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

2026 జనవరిలో ఇదే సమస్య మరింత స్పష్టంగా కనబడింది. బెల్జియంలోని ల్యూవెన్ కేథలిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గూగుల్ ఫాస్ట్ పెయిర్ పద్ధతిని పాటించే అనేక హెడ్‌ఫోన్లలో లోపం కనిపెట్టి దానికి ‘విస్పర్‌పెయిర్’ అని పేరు పెట్టారు. బటన్ నొక్కి జత కలిపే స్థితిలో పెట్టినప్పుడే కొత్త ఫోన్‌ను ఒప్పుకోవాలని ఫాస్ట్ పెయిర్ నియమం. చాలా మోడళ్లు ఆ తనిఖీ చేయడం లేదు. సుమారు 14 మీటర్ల దూరం నుంచి కొన్ని సెకన్లలో అపరిచితుడు జత కలిపేసుకుని మైకు ద్వారా వినగలడు. ఎప్పుడూ ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలపని హెడ్‌ఫోన్ అయితే దాన్ని తన ఖాతాలో నమోదు చేసుకుని, ఆ మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నదీ తెలుసుకునే వీలు కూడా ఉంది. అంటే ఐఫోన్ వాడేవారు కూడా దీనికి అతీతులు కారు. ఫోన్ అప్‌డేట్ చేసుకుంటే ఇది పోదు. హెడ్‌ఫోన్ ఫర్మ్‌వేరే మారాలి.

ఆపిల్ ఎయిర్‌పాడ్స్‌లో కూడా 2024 జూన్‌లో ఒక లోపాన్ని సరిచేశారు. పాత పరిచయమున్న ఫోన్ కోసం ఇయర్‌బడ్స్ వెతుకుతున్నప్పుడు, వేరెవరో ఆ ఫోన్‌లా నటించి వాటిని చేజిక్కించుకునే వీలుండేది. ఆ మరమ్మతు ఎయిర్‌పాడ్స్‌కు వాటంతట అవే చేరింది. యాప్ వేసుకోనక్కర్లేదు, బటన్ నొక్కనక్కర్లేదు. 2019లో జనాన్ని చికాకు పరిచిన అదే గొట్టం 2024లో వారిని కాపాడింది. అయితే ఎయిర్‌పాడ్స్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాత్రమే వాడుకునేవారి సంగతి వేరు. ఆపిల్ పరికరం దగ్గర లేకపోతే ఆ అప్‌డేట్ అందదు.

వెనక్కి వెళ్లనివ్వకపోవడానికి కారణం

పాత ఫర్మ్‌వేర్‌కు వెళ్లే దారి ఇవ్వమంటే కంపెనీలు భద్రత కారణం చెబుతాయి. అది సాకు మాత్రమే కాదు. పాత ఫర్మ్‌వేర్‌కు కూడా కంపెనీ సంతకం ఉంటుంది కదా. లోపం ఉందని లోకమంతా తెలిసిన ఆ పాత ఫైలును ఒక దుండగుడు హెడ్‌ఫోన్‌కు పంపితే, సంతకం సరిగానే ఉంది కాబట్టి చిప్ తీసుకుంటుంది. మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. దీన్ని ఆపడానికి కొన్ని చిప్‌లలో ఒకసారి కాలిస్తే మళ్లీ అతకని సూక్ష్మమైన ఫ్యూజులు పెడతారు. ముఖ్యమైన మరమ్మతు వచ్చినప్పుడల్లా ఒక ఫ్యూజు కాలుతుంది. కాలిన ఫ్యూజుల లెక్కకన్నా తక్కువ సంఖ్య ఉన్న ఫర్మ్‌వేర్ ఇక ఎప్పటికీ ఎక్కదు.

కానీ ఈ వాదన భద్రతా మరమ్మతుకే వర్తిస్తుంది. నాయిస్ క్యాన్సిలేషన్ అంకెలు, ఈక్వలైజర్, తాకితే ఏం జరగాలి అనే అమరికలు భద్రతకు సంబంధించినవి కావు. వాటిని విడిగా ఒక ఫైలులో ఉంచి, తాజా భద్రతా ఫర్మ్‌వేర్ మీదే పాత అమరికలను ఎంచుకునే వీలు కల్పించవచ్చు. ఈక్వలైజర్ అమరికలను ఇప్పటికే చాలా యాప్‌లు ఇలా విడిగా మార్చుకోనిస్తున్నాయి. పరీక్షించాల్సిన కలయికలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. అది నిజమే. అసాధ్యం మాత్రం కాదు.

ఒక అవ్వ, ఒక రేకు పెట్టె

తాళం చెవి కంపెనీ దగ్గర ఉండటమంటే ఏమిటో మన దేశంలోనే ఒక ఉదంతం చూపించింది. ఎయిర్‌పాడ్స్ ప్రో రెండో తరం 2022 సెప్టెంబరు నుంచి అమ్ముడవుతున్నాయి. 2024 సెప్టెంబరు 12న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వాటిని వినికిడి యంత్రంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండి, కొద్దిపాటి నుంచి మధ్యస్థంగా వినికిడి తగ్గినవారికి అది ఉద్దేశించినది. అక్టోబరులో అప్‌డేట్ వచ్చింది. రెండేళ్ల కిందట కొన్న ఇయర్‌బడ్స్ ఒక్క పూటలో వినికిడి యంత్రాలయ్యాయి. ఫర్మ్‌వేర్ మంచి చేస్తే ఎంత చేయగలదో దానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. తక్కువ ధరలో మంచి వినికిడి యంత్రం దొరకడం మన దగ్గర ఎంత కష్టమో ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా తెలుసు.

అయితే అప్పటికి ఆ సౌకర్యం భారత్‌లో లేదు. ఇక్కడ కొన్నవీ అవే ఇయర్‌బడ్స్, వచ్చినదీ అదే ఫర్మ్‌వేర్. కానీ పరికరం తాను ఏ దేశంలో ఉందో చూసుకుని ఆ తలుపు తెరవలేదు. బెంగళూరులో కొందరు యువ సాంకేతిక నిపుణులు తమలో ఒకరి అవ్వ కోసం దీన్ని ఛేదించాలనుకున్నారు. బయటి రేడియో సంకేతాలు చొరబడకుండా లోహపు రేకుతో ఒక పెట్టె తయారుచేశారు. దీన్నే భౌతికశాస్త్రంలో ఫారడే పంజరం అంటారు. లోహంలోని ఎలక్ట్రాన్లు బయటి విద్యుదయస్కాంత తరంగానికి అనుగుణంగా సర్దుకుని దాన్ని లోపలికి రానివ్వవు. ఆపిల్ పరికరాన్ని అందులో ఉంచి, కాలిఫోర్నియాలోని ఒక ఊళ్లో ఉండే వై-ఫై పేర్లను చిన్న చిప్‌తో లోపల ప్రసారం చేశారు. చుట్టూ ఉన్న వై-ఫైలను బట్టి తాను అమెరికాలో ఉన్నాననుకున్న పరికరం ఆ తలుపు తెరిచింది. 2024 నవంబరులో ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది.

వైద్య పరికరానికి ప్రతి దేశంలోనూ అనుమతి కావాలి, ఆ నియమం రోగుల మేలుకే ఉంది. దాన్ని తప్పుపట్టలేం. కానీ తన చేతిలో ఉన్న యంత్రం ఏం చేయగలదో దానిచేత అది చేయించుకోవడానికి ఒక మనుమడు భౌతికశాస్త్రం ప్రయోగించాల్సి రావడం ఆలోచించదగ్గ విషయం.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

ఎయిర్‌పాడ్స్‌లో అప్‌డేట్‌ను మొదలుపెట్టే బటనూ లేదు, ఆపే బటనూ లేదు. ఛార్జింగ్‌లో పెట్టి, ఇంటర్‌నెట్ ఉన్న ఆపిల్ పరికరం పక్కన ఉంచితే అదే వస్తుంది. ఫోన్‌కు దూరంగా పెట్టుకుని తప్పించుకునేవారున్నారు. దాన్ని నియంత్రణ అనలేం, దాగుడుమూతలు అనవచ్చు. గూగుల్ పిక్సెల్ బడ్స్‌లో ఆటోమేటిక్‌గా అప్‌డేట్ చేయాలా వద్దా అనే స్విచ్ ఉంది. సోనీ యాప్‌లో కూడా సాఫ్ట్‌వేర్‌ను తనంతట తాను దింపుకోవడాన్ని ఆపే అమరిక ఉంది.

నా సలహా అడిగితే, స్విచ్ ఉన్నా ఆపకుండా ఉంచుకోవడమే మంచిది, లేదా కనీసం నెలకోసారి యాప్ తెరిచి చూడాలి. ఏదైనా పెద్ద అప్‌డేట్ వస్తే పది రోజులు ఆగి, ఇతరుల అనుభవం విని వేసుకోవడంలో తప్పులేదు. భద్రతా మరమ్మతు అని స్పష్టంగా ఉంటే మాత్రం ఆగవద్దు. యాప్ లేకుండా వాడుతున్న హెడ్‌ఫోన్ ఉంటే ఒక్కసారైనా యాప్ వేసి ఫర్మ్‌వేర్ తాజాగా ఉందో లేదో చూసి, కావాలంటే తర్వాత తీసేయవచ్చు. కొత్తది కొనేముందు ఆ కంపెనీ పాత మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో వెతికి చూస్తే, మనం కొనబోయేదాన్ని ఎన్నాళ్లు పట్టించుకుంటారో ఒక అంచనా దొరుకుతుంది. అప్‌డేట్ తర్వాత శబ్దం తేడాగా అనిపిస్తే ముందు టిప్‌లు, కుషన్లు, మైకుల మీది మురికి చూడాలి. ఇంట్లో అదే ఫ్యాన్ కింద, అదే వేగంలో, అదే చోట కూర్చుని విని చూడాలి.

వాడకందారు ఒక్కడే చేయలేనిది చట్టం చేయాలి. యూరోపియన్ యూనియన్ తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. భద్రతా అప్‌డేట్లు తగిన చోట ఆటోమేటిక్‌గానే రావాలి, కానీ సులువుగా ఆపుకునే వీలుండాలి, వచ్చిన సంగతి వాడకందారుకు తెలియాలి, కొంతకాలం వాయిదా వేసుకునే అవకాశం ఉండాలి అని అందులో ఉంది. సాంకేతికంగా వీలైన చోట భద్రతా అప్‌డేట్‌ను కొత్త సౌకర్యాల అప్‌డేట్‌తో కలపకుండా విడిగా ఇవ్వాలి అని కూడా ఉంది. నా దృష్టిలో ఆ చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది. ఒకే మూటను రెండు మూటలు చేయమన్న మాట అది. కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది, వస్తువు వాడకకాలం అంతకన్నా తక్కువని తేలితే తప్ప. ఇయర్‌బడ్ బ్యాటరీలు రెండు మూడేళ్లకే నీరసించిపోతాయి కాబట్టి ఈ మినహాయింపును కంపెనీలు గట్టిగా పట్టుకునే అవకాశం ఉంది.

మన దేశంలో సెర్ట్-ఇన్ లోపాల గురించి హెచ్చరికలు జారీ చేస్తుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు అంటే విడిభాగాలు, స్క్రూలు అనే కాదు, సాఫ్ట్‌వేర్ కూడా అన్న చర్చ ఇక్కడ ఇంకా పెరగాల్సి ఉంది. 2027 డిసెంబరు తర్వాత యూరప్‌లో అమ్మే హెడ్‌ఫోన్ల యాప్‌లలో ఆపే స్విచ్, వాయిదా వేసే బటన్ కనబడతాయి. అవే మోడళ్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ అమ్ముతారు. ఆ స్విచ్ ఇక్కడి ఫోన్లలో కూడా ఉంటుందా, లేక పరికరం మళ్లీ తాను ఏ దేశంలో ఉందో చూసుకుని దాచేస్తుందా అన్నది ఆ రోజు యాప్ తెరిచి చూసుకోవాల్సిందే.